పదును నిలిచే నేల: తక్కువ తడులతో మొక్కలు పెంచడం గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

విషయంలోకి వెళ్లే ముందు మీ అందరి ఎదుట ఒక చిన్న పని చేస్తాను. ఈ బల్ల మీద నీళ్లు నింపిన రెండు గాజు సీసాలు, వాటి పక్కన రెండు మట్టిపెళ్లలు ఉన్నాయి. రెండు పెళ్లలూ ఒకే నేలవి. ఒకటి ఏళ్ల తరబడి దున్నుతూ, పంటకూ పంటకూ మధ్య బోసిగా వదిలేస్తూ వచ్చిన మడిలోది. రెండోది ఆ మడికి పది అడుగుల దూరంలో, నాగలి ఎన్నడూ తగలని గడ్డిగట్టు మీదిది. రెండింటినీ వారం రోజులు నీడన ఆరబెట్టాను. ఇప్పుడు వాటిని చెరొక జాలీ మీద పెట్టి, ఒకేసారి నీళ్లలోకి దించుతున్నాను. వెనుక వరుసల్లో ఉన్నవారికి కనిపించదు కనుక జరుగుతున్నది చెబుతాను. మడిలోని పెళ్ల చుట్టూ బుడగలు లేస్తున్నాయి. అంచులు పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఇంకా నిమిషం కూడా కాలేదు, సగం పెళ్ల జాలీ కంతల్లోంచి జారి సీసా అడుగున మెత్తటి బురదగా పేరుకుంది. గట్టు మీది పెళ్ల నుంచి కూడా రెండు మూడు బుడగలు వచ్చాయి గాని, అది తడిసి రంగు ముదిరిందే తప్ప ఆకారం చెడలేదు. సీసాల్ని ఇలాగే ఉండనిద్దాం, ప్రసంగం మధ్యలో మళ్లీ వీటి దగ్గరకు వస్తాను.

మొక్కలకు నీరు చాలడం లేదన్నప్పుడు మన ఆలోచన వెంటనే నీరు తెచ్చే మార్గాల మీదికి పోతుంది. మరో గొట్టం వేయాలా, మోటారు ఇంకో గంట నడపాలా అని లెక్కలు వేస్తాం. పోసిన నీటిలో ఎంత భాగం నేలలోకి దిగింది, దిగినదానిలో ఎంత భాగం వేళ్లకు అందేచోట నిలిచింది, నిలిచినదానిలో ఎంత భాగం మొక్క తాగకముందే ఎండకు ఆవిరైపోయింది అనే మూడు ప్రశ్నలు మాత్రం అరుదుగా వేసుకుంటాం. ఈ మూడు ప్రశ్నలకూ నేలను చూసే జవాబు చెప్పాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే: నేలలో నీరు నిలవడమంటే మట్టి స్పంజిలా మారడం ఒక్కటే అనుకుంటే మన శ్రమలో చాలా భాగం తప్పు చోట ఖర్చవుతుంది. నీరు లోపలికి పోయే దారి, వేళ్లు కిందికి దిగే దారి, పైన నీడనిచ్చే కప్పు, ఈ మూడింటి వల్ల కలిగే లాభం మట్టి పీల్చుకునే శక్తి పెరగడం వల్ల కలిగే లాభం కన్నా చాలా సందర్భాల్లో ఎక్కువ.

తెలుగులో ‘పదును’ అని ఒక మంచి మాట ఉంది. కత్తికి ఉండే పదును వేరు, నేలకు ఉండే పదును వేరు. వాన వెలిసిన వెంటనే ఉండే బురద పదును కాదు, ఎండి బిగుసుకుపోయిన నేలకూ పదును లేదు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టి, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయే స్థితిని పదును అంటాం. నేలశాస్త్రం ఈ స్థితికి పైనా కిందా రెండు హద్దులు గీసింది. నేల బాగా తడిసి, పెద్ద కంతల్లోని నీరు తన బరువుకు తానే కిందికి దిగిపోయాక, ఒకటి రెండు రోజులకు మిగిలి ఉండే తేమ పై హద్దు. దీన్ని క్షేత్ర సామర్థ్యం అంటారు. వేళ్లు ఎంత లాగినా నీరు వదలని, సాయంత్రం చల్లబడ్డాక కూడా మొక్క తేరుకోని స్థితి కింది హద్దు. ఇది శాశ్వత వడలు స్థితి. పై హద్దు దగ్గర నేల నీటిని పట్టి ఉంచే బలం వాతావరణ పీడనంలో ఇంచుమించు మూడో వంతు ఉంటే, కింది హద్దు దగ్గర అది వాతావరణ పీడనానికి 15 రెట్లు ఉంటుంది. అమెరికాలో బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1912లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే మట్టిలో పెంచిన వేర్వేరు జాతుల మొక్కలు ఇంచుమించు ఒకే తేమ దగ్గర వాడిపోతాయని చూపించారు. అంటే, నీరు చివరికి ఎక్కడ అందకుండా పోతుందన్నది మొక్క మొండితనం కన్నా మట్టి స్వభావం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ రెండు హద్దుల మధ్యనున్న నీరే మొక్కకు దక్కే నీరు.

ఆ నీరు ఎంత అనేది మొదట రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి ఇసుక రేణువులు, 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి బంకమన్ను రేణువులు, ఈ రెంటికీ మధ్యవి ఒండ్రు. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కనుక నీరు వేగంగా దిగి అంతే వేగంగా జారిపోతుంది. బంకమన్నులో ఖాళీలు లెక్కలేనన్ని ఉన్నా అవి మరీ సన్నవి కావడంతో అక్కడున్న నీటిలో చాలా భాగాన్ని మట్టి తనకే అట్టిపెట్టుకుంటుంది. అందుకే తడిగా కనిపించే బంకనేలలో కూడా మొక్క వాడిపోవడం చూస్తాం. మొత్తం మీద మొక్కకు దక్కే నీరు ఒక మీటరు లోతు ఇసుక నేలలో 50 నుంచి 80 మిల్లీమీటర్లు, ఇసుక, ఒండ్రు, బంకమన్ను తగుపాళ్లలో కలిసిన గరప నేలలో 150 నుంచి 200 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు నీరంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు అని గుర్తుంచుకుంటే ఇకపై చెప్పబోయే లెక్కలన్నీ సులువుగా పోల్చుకోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చేసి చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో పుకారు రూపంలో తిరిగే అంకెలు చాలా ఉన్నాయి. మీటరు లోతుకు 150 మిల్లీమీటర్ల నీరు దక్కే గరప నేలను తీసుకుందాం. వేళ్లు 15 సెంటీమీటర్ల లోతులోనే ఆగిపోతే ఆ మొక్కకు అందుబాటులో ఉన్నది సుమారు 22 మిల్లీమీటర్లు. అందులో సగం వాడుకున్నాక మొక్క ఇబ్బంది పడటం మొదలవుతుందనుకుంటే, చేతిలో ఉన్నది 11 మిల్లీమీటర్లే. వేడి రోజుల్లో పచ్చగా కమ్ముకున్న మొక్కలు రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా తాగుతాయి, కాబట్టి రెండు రోజులకొక తడి పెట్టక తప్పదు. అదే నేలలో, అదే మొక్క వేళ్లు 45 సెంటీమీటర్ల దాకా దిగితే నిల్వ 67 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అందులో సగం ఆరున్నర రోజులకు సరిపోతుంది. నేలలో ఏ మార్పూ లేకుండా, వేరు లోతుతో తడికీ తడికీ మధ్య వ్యవధి మూడు రెట్లయింది.

ఇప్పుడు సేంద్రియ పదార్థం సంగతి చూద్దాం. నేలలో సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరిగితే చాలు, నీటి నిల్వ ఊహించలేనంత పెరుగుతుందని మనం తరచూ వింటూ ఉంటాం. మినాస్నీ, మెక్‌బ్రాట్నీ అనే నేలశాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా సేకరించిన కొలతలను పోగుచేసి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నేలలో సేంద్రియ కర్బనం బరువులో ఒక శాతం పెరిగితే, మొక్కకు దక్కే నీరు ఘనపరిమాణంలో సగటున 1.16 శాతం పెరుగుతుంది. మన 15 సెంటీమీటర్ల పొరకు ఇది అటూ ఇటుగా 1.7 మిల్లీమీటర్లు, అంటే వేడి రోజుల్లో మొక్క ఒక రోజులో తాగే నీటిలో మూడో వంతు. ఆ ఒక్క శాతం పెంచడం కూడా తేలిక కాదు. ఒక చదరపు మీటరులో 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 195 కిలోలు తూగుతుంది కాబట్టి, అందులో రెండు కిలోల కర్బనం అదనంగా నిలవాలి. వేసిన ఎరువులో అధిక భాగాన్ని సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి కనుక, రెండు కిలోలు నిలవడానికి దానికి ఎన్నో రెట్లు వేయవలసి వస్తుంది. ఈ లాభం ముతక ఇసుక నేలల్లో సగటు కన్నా ఎక్కువ, బంకనేలల్లో అతి తక్కువ.

ఈ మాట విని పశువుల ఎరువు వేయడం మానేయమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. సేంద్రియ పదార్థానికి నా దృష్టిలో ఉన్న విలువ చాలా పెద్దది. ఆ విలువ ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే ఈ సీసాల దగ్గరకు తిరిగి రావాలి. మడిలోని పెళ్ల ఇప్పటికి పూర్తిగా కరిగి అడుగుకు చేరింది. గట్టు మీది పెళ్ల జాలీ మీద చెక్కుచెదరకుండా ఉంది. ఎండిన పెళ్లను నీటిలో ముంచినప్పుడు నీరు అన్ని వైపుల నుంచీ లోపలికి చొరబడుతుంది, లోపలి గాలి తప్పించుకునే దారిలేక నొక్కుకుపోయి పెళ్లను బద్దలు కొడుతుంది. గట్టు మీది పెళ్లలో ఆ ఒత్తిడిని తట్టుకునే కట్టు ఉంది. గడ్డి వేళ్ల సన్నని నూలుపోగులు, శిలీంధ్రాల దారాలు, సూక్ష్మజీవులు స్రవించే జిగురు కలిసి రేణువుల్ని చిన్న చిన్న గుళికలుగా కట్టి ఉంచాయి. గుళికల లోపల సన్నని కంతలు నీటిని పట్టి ఉంచుతాయి, గుళికల మధ్యనున్న పెద్ద కంతలు నీటిని లోపలికి దింపి గాలిని ఆడనిస్తాయి. ఈ కట్టడానికి పునాది సేంద్రియ పదార్థమే, అయితే దాన్ని కట్టేది మాత్రం బతికున్న వేరు, బతికున్న సూక్ష్మజీవి. ఒకసారి గంపెడు ఎరువు వేసి చేతులు దులుపుకుంటే ఈ కట్టడం లేవదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నేలలో ఏదో ఒక వేరు ప్రాణంతో ఉండాలి, మట్టిని అనవసరంగా తిరగేయకుండా ఉండాలి.

కట్టు లేని మట్టి మీద వాన పడితే ఏమవుతుందో ఇప్పుడు సులువుగా ఊహించవచ్చు. పెద్ద వానచినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గుళికలు పగిలి, విడిపోయిన సన్నటి రేణువులు పై కంతల్లో ఇరుక్కుని, ఎండాక కాగితంలాంటి పెచ్చు కడుతుంది. దాని కింద నేల ఎంత లోతైనదైనా, ఎంత దాహంతో ఉన్నా, నీరు మిల్లీమీటరు మందం ఉన్న ఆ పెచ్చు ఎంతమేరకు దింపితే అంతమేరకే దిగుతుంది. మామూలుగా ఇసుక నేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా, గరప నేలలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు, బంకనేలలో 1 నుంచి 5 మిల్లీమీటర్లు ఇంకుతుందని లెక్క. పెచ్చు కట్టిన గరప నేల బంకనేలలాగా ప్రవర్తిస్తుంది. అరగంటలో 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే అందులో చాలా భాగం పల్లానికి పారిపోతుంది. పారిపోయిన నీటిని పట్టి ఉంచే శక్తి ఏ నేలకూ లేదు.

దీనికి విరుగుడుగా తక్షణం పనిచేసేది నేల మీద కప్పు. ఎండు గడ్డి, ఆకులు, కంకులు తీసిన పంట మోళ్లు, తరిగిన కొమ్మలు, ఏది దొరికితే అది 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే వానచినుకు దెబ్బ నేలకు తగలదు, ఎండ నేరుగా పడదు, గాలి తేమను ఊడ్చుకుపోదు. ఇక్కడ ఆవిరి నడిచే తీరు గురించి ఒక మాట చెప్పాలి. తడిసిన నేల నుంచి మొదటి ఒకటి రెండు రోజులు నీరు ఎండ ఎంత లాగితే అంత వేగంగా ఆవిరవుతుంది. పై పొర ఎండిపోయాక, కింది తేమ పైకి చేరడం కష్టమై, ఆవిరి వేగం బాగా పడిపోతుంది. ఎండిన ఆ పై పొరే ఒక మూతలా పనిచేస్తుంది. మనం రోజూ సాయంత్రం నాలుగు చెంబులు చిలకరిస్తే, మూతపడిన ఆ తలుపును రోజూ తెరుస్తున్నట్టే. చిలకరించిన నీరు రెండు మూడు సెంటీమీటర్లు దాటి దిగదు, మర్నాడు మధ్యాహ్నానికల్లా గాలిలో కలుస్తుంది, వేళ్లు కూడా ఆ తేమకు మరిగి పైపైనే అల్లుకుంటాయి. వాన వెలిశాక పదునులో గుంటక తోలి పై పొరను పొడి చేసే పాత పద్ధతిలోనూ ఇదే సూత్రం ఉంది. పగుళ్లు తీసే నల్లరేగడి నేలల్లో ఆ పగుళ్ల గోడల నుంచి కూడా తేమ పోతుంది కనుక అక్కడ దాని ప్రయోజనం మరింత ఎక్కువ.

కప్పు వేయడంలో జరిగే పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. ఎండిన నేల మీద మందంగా కప్పు వేస్తే, ఆ తర్వాత పడే చిన్న చిన్న జల్లుల్ని కప్పే పీల్చుకుంటుంది, నేలకు చుక్క దక్కదు. కాబట్టి నేల బాగా తడిసిన తర్వాతే కప్పాలి. కాండానికి ఆనించి పోస్తే తేమకు బెరడు కుళ్లుతుంది కనుక మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. రంపపు పొట్టు లాంటి కర్ర సంబంధమైనవి నేల మీద పరిస్తే ఇబ్బంది లేదు గాని, మట్టిలో కలిపితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుని మొక్కను పాలిపోయేలా చేస్తాయి. ప్లాస్టిక్ పట్టా ఆవిరిని బాగా ఆపుతుంది, కాని దానితో నేలకు తిండి అందదు, పైన పడే వాన కూడా కన్నాల దగ్గర తప్ప లోపలికి పోదు. ఇక పచ్చిరొట్ట, నేలను కప్పే తీగజాతి పైర్లు ఉన్నాయి. ఇవి మట్టికి కట్టునిచ్చే విషయంలో సాటిలేనివి, అయితే అవీ నీరు తాగే మొక్కలే. నీరు బొత్తిగా కరువైన చోట వాటిని సరైన సమయంలో కోసి అక్కడే పరచకపోతే అసలు పంటకు దక్కవలసిన పదునును అవే తాగేస్తాయి.

ఇందాక లెక్కలో వేరు లోతుకు అంత ప్రాధాన్యం ఇచ్చాను కదా, ఆ వేళ్లు ఎందుకు దిగడం లేదో కూడా చూడాలి. ఒకసారి ఎంత నీరు పెట్టినా మధ్యాహ్నానికల్లా వాలిపోతున్న మొక్కల మధ్య ఒక గుంట తవ్వి చూశాను. మూరెడు లోతు కూడా పోకముందే గడ్డపార ఠంగుమంది. అక్కడిదాకా నిలువుగా దిగిన తల్లివేరు, ఆ గట్టి పొరను తాకిన చోట వంకీలా తిరిగి, పలక మీద పాకినట్టు అడ్డంగా సాగిపోయింది. ఆ పొర కింద మట్టి తడిగా, చల్లగా ఉంది. ఒక్క వేరు కూడా అక్కడిదాకా చేరలేదు. ఆ వంగిన వేరును చేత్తో పట్టుకుని చూసినప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే ఆ మొక్కలు నీళ్ల మీదే నిలబడి దాహంతో వాడిపోతున్నాయి.

ఏళ్ల తరబడి ఒకే లోతులో నాగలి అడుగు రుద్దుకోవడం వల్ల, బరువైన యంత్రాలు తడి నేల మీద తిరగడం వల్ల ఈ పొర ఏర్పడుతుంది. పదును మించిన నేలను దున్నడం దీనికి ప్రధాన కారణం. చిటికెడు మట్టి తీసుకుని అరచేతిలో తాడులా పేనండి. విరగకుండా సన్నని తాడు వస్తే ఆ రోజు నేలలోకి దిగకూడదు. ఏర్పడిన పొరను లోతుగా చీల్చవచ్చు, అది కూడా నేల పొడిగా ఉన్నప్పుడే, తడి నేలలో చీలిస్తే గోడలు నునుపెక్కి మరింత బిగుస్తాయి. అయితే ఊరికే చీల్చి వదిలేస్తే రెండు మూడు వానలకే మళ్లీ కలిసిపోతుంది. చీల్చిన వెంటనే లోతుగా వేరుపోయే పైరు ఏదైనా వేసి, ఆ పగుళ్లలో వేళ్లు పాకేలా చూడాలి. వేరు చనిపోయాక అది కుళ్లి, గొట్టంలాంటి దారి మిగులుతుంది. తర్వాత వేసే పంట వేళ్లూ, వాననీరూ, వానపాములూ ఆ దారినే వాడుకుంటాయి.

మట్టిని మార్చాలనే తొందరలో చేసే కొన్ని పనులు ఎదురు తిరుగుతాయి. కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి సన్న కంతల మట్టి నుంచి పెద్ద కంతల రాళ్లలోకి నీరు తేలికగా దిగదు. పై మట్టి దాదాపు పూర్తిగా నిండి, ఇక పట్టలేని స్థితి వస్తేనే కిందికి బొట్టు రాలుతుంది. అంటే రాళ్ల పైన తడి పొర నిలిచిపోతుంది, వేళ్లకు దక్కే మట్టి లోతు కూడా తగ్గిపోతుంది. బంకనేలలో నున్నటి గోడల గొయ్యి తీసి, దాన్ని తేలికపాటి మిశ్రమంతో నింపి చెట్టు నాటినా ఇలాంటి చిక్కే వస్తుంది, గొయ్యి వానకు తొట్టిలా నిండిపోతుంది, వేళ్లు దాని గోడ దాటవు. గోడల్ని గడ్డపారతో గరుకు చేసి, తీసిన మట్టినే ఎక్కువ పాలు తిరిగి వాడటం మేలు. బంకనేలలో కొద్దిపాటి ఇసుక కలపడం వల్ల కూడా ఉపయోగం లేదు. అదే ఇసుక నేలలో బంకమన్ను కలపడం చాలా మంచి ఫలితమిస్తుంది. చెరువు పూడిక మట్టి తోలడంలో ఉన్న తెలివి ఇదే. దక్షిణ ఆస్ట్రేలియాలో, ఆకుల మైనం పట్టి నీటిని విదిల్చేసే ఇసుక నేలల మీద బంకమన్ను పరిచి, కలియదున్ని నీరు ఇంకేలా చేస్తున్నారు.

నేల వాలుగా ఉన్నా, పైభాగం రాయిలా బిగిసినా, నీరు ఆగి ఆలోచించుకునేందుకు ఒక పల్లం కావాలి. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ‘జాయ్’ అని పిలిచే గుంటల పద్ధతి దీనికి గొప్ప ఉదాహరణ. ఎండాకాలంలోనే 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు ఉన్న గుంటలు తీసి, ఒక్కొక్క దానిలో పిడికెడు ఎరువో చెత్తో వేస్తారు. ఆ ఎరువు కోసం చెదలు వచ్చి గట్టిపడిన నేలకు తూట్లు పొడుస్తాయి, తొలకరిలో చుట్టుపక్కల నుంచి పారే నీరు గుంటలో చేరి ఆ తూట్లగుండా లోతుకు దిగుతుంది. 1980ల కరవుకాలంలో యాకూబా సవడోగో అనే రైతు ఈ పాత పద్ధతికి మెరుగులు దిద్ది, పనికిరాదని వదిలేసిన నేలలో పంటే కాదు, అడవిని కూడా పెంచాడు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది. నేను ఎంతో గౌరవించే మనిషి ఆయన, ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నది పలుగూ పారా మాత్రమే.

ఇలా మట్టిపెళ్లను ముంచిన సీసాలో నీరు పాలలా తెల్లబడి గంటలు గడిచినా తేరుకోకపోతే అది వేరే జబ్బు. మట్టిలో సోడియం ఎక్కువై బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయని దాని అర్థం. క్షారం నిండిన ఇలాంటి చౌడు నేలలో ఎంత ఎరువు వేసినా చాలదు. పరీక్ష చేయించి, తగిన మోతాదులో జిప్సం వేసి, అందులోని కాల్షియం సోడియాన్ని తొలగించాక, ఆ సోడియాన్ని నీటితో కిందికి దింపేయాలి. ఇక నీటిని పట్టి ఉంచుతాయని అమ్మే జెల్ గుళికల విషయం క్లుప్తంగా చెబుతాను. శుద్ధమైన నీటిలో అవి తమ బరువుకు వందల రెట్లు ఉబ్బుతాయి, ఉప్పు, కాల్షియం ఉన్న మామూలు నీటిలో ఆ శక్తి బాగా పడిపోతుంది, కాలం గడిచేకొద్దీ అవి క్షీణిస్తాయి. కుండీలకూ, ఇసుక నేలలో నాటే నారుకూ కొంత ఊతమివ్వగలవు గాని విశాలమైన చేనుకు వాటిని ఆధారం చేసుకోలేం. కర్రబొగ్గు పొడి కూడా ముతక నేలల్లో ఉపయోగపడినంతగా బంకనేలల్లో ఉపయోగపడదు.

చివరగా, నేల మారినప్పుడు మన చేయి కూడా మారాలి. పదును నిలిచే శక్తి పెరిగినా పాత లెక్కలోనే తడులు పెడితే ఆ అదనపు నీరు వేళ్ల కిందికి జారి నత్రజనిని కూడా తీసుకుపోతుంది. తడి పెట్టిన మర్నాడు ఒక చోట తవ్వి, నీరు ఎంత లోతుకు దిగిందో కంటితో చూడండి. వేళ్లు ఉన్న లోతుకన్నా పైనే ఆగిపోతే ఈసారి ఎక్కువసేపు పెట్టాలి, తడికీ తడికీ మధ్య రోజులు పెంచాలి. రోజూ నీటికి అలవాటుపడిన మొక్కకు ఒక్కసారిగా తడులు తగ్గిస్తే వేరు దిగేలోపే బెట్టకు గురవుతుంది కాబట్టి వారం వారం కొద్దికొద్దిగా వ్యవధి పెంచాలి. మీ నీటిలో ఉప్పు ఎక్కువగా ఉంటే మరో జాగ్రత్త కూడా అవసరం. నీరు తగ్గించిన కొద్దీ ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది, మంచి వానలు కడిగేయని చోట అప్పుడప్పుడూ ఒక పెద్ద తడితో దాన్ని కిందికి దింపక తప్పదు.

నేల నీటిని ఎంత వేగంగా తీసుకుంటుందో కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు డబ్బా అడుగు కోసేసి, నేలలోకి మూడు వేళ్ల లోతు దించి, అందులో 440 మిల్లీలీటర్ల నీరు నెమ్మదిగా పోయండి. అది 25 మిల్లీమీటర్ల వానతో సమానం. ఇంకడానికి పట్టిన సమయం రాసుకుని, వెంటనే మరోసారి అంతే నీరు పోసి ఆ సమయమూ రాసుకోండి. మొదటిసారి నేల పొడిగా ఉంటుంది కనుక రెండో కొలతే నమ్మదగినది. మడిలో ఒకసారి, గట్టు మీద ఒకసారి కొలిస్తే రెండింటి మధ్య తేడా ఎంతో తెలుస్తుంది, ఏటా అదే నెలలో కొలిస్తే మన పని ముందుకు పోతోందో లేదో తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. సీసాలను దగ్గరగా చూడాలనుకునేవారు ముందుకు రండి. గట్టు మీది పెళ్ల ఇంకా జాలీ మీదే ఉంది, దాన్ని బయటికి తీసి వేళ్లతో మెల్లగా విరిచి చూడండి, విరిగిన ముక్కల మధ్య వేలాడే తెల్లటి సన్నని వేళ్లు మీకే కనిపిస్తాయి.